అరవై ఒకటో ఆకు

గురువు మీద కోపం తెచ్చుకోకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో గానీ, వాళ్ళకు చెన్నబసవస్వామి లాంటి గురువు దొరికి ఉండడు. మహంతేశుకు దొరికాడు. కాబట్టి మహంతేశుకు కోపం వచ్చింది.

అట్లా ఇట్లా వచ్చిన కోపం కాదు. మూడు నెలలుగా కడుపులో పెట్టుకుని మగ్గబెట్టిన కోపం.

స్వామి మఠం పత్తిమిల్లుల ఊళ్ళో ఉంది. పెద్ద మఠమేం కాదు. ముందొక వసారా, వెనక వంటశాల, పక్కన రెండు గదులు. ఊళ్ళో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులన్నీ ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాక, ముప్పై నలభై ఏళ్ళు ఆ పత్తి దుమ్ములో పనిచేసి దగ్గు తప్ప ఇంకేమీ మిగలని ముసలివాళ్ళు ఎనభై ఆరుగురికి మఠం నెలకు పదిహేను వందలు ఇస్తుంది. డబ్బు పంపేది పట్నంలోని ఒక దాతల సంఘం. పంపినందుకు నెలనెలా రిపోర్టు అడుగుతుంది. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది.

ఆ రిపోర్టు మహంతేశు పని. హైదరాబాదులో ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళు నెలాఖరు లెక్కలు కట్టీ కట్టీ విసిగిపోయి, రెండేళ్ళ క్రితం వచ్చి స్వామి కాళ్ళ మీద పడ్డాడు. "నాకు మనశ్శాంతి కావాలి స్వామీ" అన్నాడు. స్వామి అతన్ని ఎగాదిగా చూసి, "లెక్కలు వచ్చునా?" అని అడిగాడు. అంతే. దీక్ష అయిపోయింది.

చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తే ఎవడికైనా ఒళ్ళు మండదా? పోనీ కంపెనీలో చేసినట్టన్నా చేయనిస్తాడా అంటే అదీ లేదు. మఠానికి ఒక పద్ధతి ఉంది. డబ్బు ఇచ్చే రోజున అందరూ వసారాలో కూర్చోవాలి. మహంతేశు ఒక్కొక్క పేరే గట్టిగా పిలవాలి. పిలిచినవాళ్ళు "ఉండా స్వామీ" అని పలికి, మోకాళ్ళు పట్టుకుని లేచి, మధ్యలో ఆగి దగ్గి, వచ్చి వేలిముద్ర వేసి, డబ్బు రెండుసార్లు ఎంచుకుని పోవాలి. రెండున్నర గంటలు. పలకనివాళ్ళ పేరు పక్క గడి ఖాళీగా వదలాలి. ఆ సాయంత్రమే ఆ ఖాళీలు పట్టుకుని బండెక్కి వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ పోవాలి. ఒకామెకు జ్వరం. ఒకాయన పెళ్ళికి పోయుంటాడు. ఇంకొకాయన కోడలితో తగాదా పడి ముసుగు తన్ని పడుకుని ఉంటాడు. వాళ్ళందరికీ ఇచ్చి, గడులు నింపి, వీధికొకటి చొప్పున ఆరు షీట్లు ఒకటిగా కలిపి, కూడికలు సరిచూసి, రిపోర్టు పంపేసరికి వారం గడిచేది. దాతల సంఘంవాళ్ళు ఈలోపు నాలుగుసార్లు ఫోన్ చేసేవాళ్ళు.

ఒకరోజు మహంతేశు తిక్క పుట్టి కూర్చుని మాక్రో రాశాడు. మాక్రో అంటే బ్రహ్మవిద్యేం కాదు. రోజూ మనం చేసే పనినే వరసగా రాసి కంప్యూటరుకు అప్పజెప్పడం. బటను నొక్కితే చాలు, అది తనంతట తానే చేసుకుపోతుంది. ఆరు షీట్లూ కలిపేస్తుంది, కూడేస్తుంది, దాతల సంఘం అడిగిన నమూనాలో రిపోర్టు అచ్చుకు సిద్ధం చేస్తుంది. గడి ఎక్కడైనా ఖాళీగా కనబడితే, కిందటి నెల అంకె తెచ్చి అక్కడ పెట్టేస్తుంది.

ఆ చివరి ముక్క కంపెనీలో అలవాటైంది. అద్దెలు, జీతాలు, నెలనెలా మారని ఖర్చులు. అక్కడ గడి ఖాళీగా ఉందంటే అర్థం ఒకటే, ఎవడో టైపు చేయడం మరిచిపోయాడు. మరిచిపోయినవాడి కోసం రిపోర్టు ఆగుతుందా? ఇక్కడా అంతే కదా అనుకున్నాడు. అందరికీ ప్రతి నెలా అదే పదిహేను వందలు. ఈరోజు రానివాళ్ళు రేపొచ్చి తీసుకుంటారు, డబ్బు ఎవరికి చేదు?

పేర్లు పిలవడం కూడా ఎత్తేయించాడు. వంటశాల చూసుకునే గౌరక్క పొద్దున్నే బల్ల వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కార్డు చూపించి, డబ్బు తీసుకుని, వసారాలో కూర్చుని మధ్యాహ్నం భోంచేసి పోతారు. గౌరక్క షీటులో పేరు పక్కన అంకె కొడుతుంది. చదువు అయిదో తరగతే గానీ, అంకెల దగ్గర ఆమె చేతికి తిరుగులేదు.

మొదటి నెల మహంతేశు స్వామిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. బటను నొక్కాడు. నలభై సెకన్లు. ప్రింటరు మూడు కాగితాలు తీసింది. తళతళలాడుతున్నాయి. ఎనభై ఆరు పేర్లు, ఎనభై ఆరు పదిహేను వందలు, కింద లక్షా ఇరవై తొమ్మిది వేలు, మిగిలింది సున్నా.

స్వామి కాగితాలు పైనుంచి కిందికి చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఇందులో రానోళ్ళెవరు?" అని అడిగాడు.

"అందరూ వచ్చినారు స్వామీ."

"అందరూనా?"

"కాగితంలో ఉంది కదా స్వామీ!"

"సరే" అన్నాడు స్వామి. లేచి వెళ్ళిపోయాడు.

అంతే! భేష్ అనలేదు. శభాష్ అనలేదు. వారం పనిని నలభై సెకన్లకు దించితే, ఆ పెద్దమనిషి నోట్లోంచి వచ్చింది "సరే". పట్నం నుంచి దాతల సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఒకటో తారీకుకే రిపోర్టు పంపిన మొదటి మఠం మీదేనండీ" అని మెచ్చుకున్నాడు. ముక్కూమొహం తెలియనివాడు మెచ్చుకుంటే కాళ్ళు పట్టిన గురువు మెచ్చుకోకపోవడమేమిటి? మహంతేశుకు అప్పటినుంచీ అన్నం సహించలేదు.

దానికి తోడు ఆ పెట్టె ఒకటి. మొదటి నెల నగదుపెట్టెలో పదిహేను వందలు ఎక్కువ తేలింది. ఎవరో హుండీలో వేయాల్సింది ఇందులో వేసి ఉంటారులే అని ఊరుకున్నాడు. రెండో నెలకు అది మూడు వేలయింది. చిరాకుపడి 'ఇతర రాబడి' అని చీటీ రాసి పెట్టెలోనే పడేశాడు. రిపోర్టేమో మచ్చలేకుండా ఉంది, పెట్టే అతన్ని వెక్కిరిస్తోంది.

మూడో నెల డబ్బు ఇచ్చే రోజు వచ్చింది. పదకొండున్నరకు పంపకం అయిపోయింది. మహంతేశు బటను నొక్కాడు. ఎనభై ఆరుకు ఎనభై ఆరు. పెట్టె తెరిచి ఎంచాడు. నాలుగు వేల అయిదు వందలు ఎక్కువ.

ఇంక చూడండి. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పెట్టె తీసుకుపోయి వంటశాల గుమ్మంలో దబ్బున పడేశాడు. గౌరక్క చారులో ఇంగువ వేస్తోంది. ఉలిక్కిపడింది.

"నాలుగున్నర వేలు ఎక్కువ వచ్చింది! ఎవరి డబ్బు ఎగ్గొట్టినావు?"

"నేనా?" అంది గౌరక్క. ఆమెకు మాట అర్థం కావడానికే కొంచెం సేపు పట్టింది. "నేనెవరి డబ్బు ఎగ్గొడతానప్పా? వచ్చినోళ్ళకు ఇచ్చినా. రానోళ్ళకు ఖాళీ పెట్టినా."

"ఖాళీనా?" మహంతేశు రిపోర్టు ఆమె ముఖం ముందు ఆడించాడు. "చూడు! కళ్ళు పెట్టుకుని చూడు! ఎక్కడుంది ఖాళీ?"

గౌరక్క గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వచ్చింది. మొదటి కాగితం. రెండోది. మూడోది. ఎక్కడా ఖాళీ లేదు. అన్ని పేర్ల పక్కనా పదిహేను వందలే.

"పెట్టినా కదా..." అని గొణిగింది. ఆమె గొంతులో ఆమెకే నమ్మకం పోయింది.

"లెక్కలు రానోళ్ళకు పెట్టె అప్పజెప్పింది నాది బుద్ధితక్కువ!"

వసారాలో కూర్చున్న ముసలివాళ్ళందరూ విన్నారు. గౌరక్క ముఖం కందిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ వంటశాలలో పొయ్యి వెలిగించిన మనిషి. ఏడవలేదు. బొడ్లో దోపుకున్న తాళంచేతుల గుత్తి తీసి అతని కాళ్ళ దగ్గర విసిరికొట్టింది.

"నువ్వే పెట్టుకో నీ పెట్టె! నీ లెక్కా నువ్వే పెట్టుకో!"

అప్పుడొచ్చాడు స్వామి. ఇద్దరినీ చూశాడు. తాళంచేతులు వంగి తీసుకున్నాడు. మహంతేశు చేతిలోంచి కాగితాలు తీసుకున్నాడు. నాడూ అంతే, నేడూ అంతే, ఆయన ముఖం చూసి లోపలేముందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"ఎనభై ఆరుగురూ వచ్చినారా?"

"వచ్చినారు స్వామీ. కాగితంలో..."

"అయితే ఎనభై ఆరు ఆకులెయ్యి."

"ఏమి స్వామీ?"

"విస్తరాకులప్పా. వసారాలో ఎనభై ఆరు వెయ్యి. నువ్వే వడ్డించు."

మామూలుగా ఎవరు కూర్చుంటే వాళ్ళ ముందు ఆకు వేస్తారు, ఎన్ని ఆకులో ఎవరూ లెక్కపెట్టరు. ఇప్పుడీ పిచ్చి ఏమిటి? మహంతేశు ముటముటలాడుతూ ఆకులు లెక్కపెట్టి వేశాడు. నాలుగు వరసలు. వాళ్ళను కూర్చోమన్నాడు. జొన్నరొట్టె, పప్పు, గోంగూర, అన్నం, గోధుమ పాయసం, అన్నీ తనే వడ్డించాడు. ఎండకు, కోపానికి ఒళ్ళంతా చెమటలు. చివరి ఆకు దగ్గరికి వచ్చి పాయసం వేసి, తలెత్తి చూశాడు.

ఆ ఆకు ముందు మనిషి లేడు.

ఆ మఠంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. వడ్డించిన ఆకు ముందు మనిషి లేకుంటే పంక్తిలో ఎవరూ ముద్ద ఎత్తరు. ఎవరైనా చేతులు కడుక్కోవడానికి పోయుంటే అందరూ ఆగుతారు. స్వామి కూడా.

అందరూ ఆగారు. వరస చివర విడిగా వేసిన తన ఆకు ముందు కూర్చున్న స్వామి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాయసం మీద ఈగ వాలితే పక్కన కూర్చున్న ముసలాయన విదిలించాడు. ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఇంకొకరికి అంటుకుంది.

"ఎవరి ఆకప్పా అది?" అని అడిగాడు స్వామి.

మహంతేశు వంగి ఆకు మడవబోయాడు. "ఒకటి ఎక్కువ వేసినట్టున్నా స్వామీ. తీసేస్తా."

"ముట్టుకోవద్దు!"

రెండేళ్ళలో స్వామి గొంతు అంత పెద్దగా వినడం మహంతేశుకు అదే మొదలు. కాగితాలు అతని వైపు చాచాడు.

"పిలువు."

మహంతేశు పిలవడం మొదలుపెట్టాడు. మూడు నెలల తర్వాత ఆ పేర్లు మళ్ళీ అతని నోట్లోకి వచ్చాయి. "ఉండా స్వామీ." "ఉండా." "ఉండా స్వామీ." ఇరవై. ముప్పై. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు నిలబడి పేర్లు చదువుతుంటే తన కోపం ఎవరి మీదో తనకే తెలియకుండా పోయింది. యాభై. అరవై.

"ఉరుకుందమ్మ."

ఎవరూ పలకలేదు.

"ఉరుకుందమ్మా!"

రెండో వరసలో ఒక ముసలామె మెల్లగా అంది, "ఆయమ్మ కనపడక మూడు నెల్లాయెనప్పా. ముందు పేరు పిలుస్తాంటివి, రాలేదని అందరికీ తెలుస్తాండె. ఇప్పుడెవరొచ్చిరో ఎవరు రాకపోయిరో ఎవరికెరుక? మఠమోళ్ళు పోయి చూసే ఉంటారులే అనుకుంటి."

వంటశాల గుమ్మంలో నిలబడ్డ గౌరక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అరవై ఒకటి! అక్కడే పెట్టినా స్వామీ ఖాళీ. మూడు నెల్లూ పెట్టినా. ఈయప్ప పోయి ఇచ్చొస్తాడనుకుంటి."

మహంతేశు కాగితం చూశాడు. అరవై ఒకటి. ఉరుకుందమ్మ. పదిహేను వందలు. ఎంత చక్కగా ఉందో అచ్చు!

స్వామి లేవలేదు. "ఆ ఆకులో ఉన్నది కట్టుకో. పెట్టెలో ఎక్కువున్నది తీసుకో. ఆ కాగితం కూడా తీసుకో" అన్నాడు. "మేము ఇక్కడే ఉంటాము."

*

ఉరుకుందమ్మ ఉండేది పాత మిల్లు వెనక, కూలీలకు వరసగా కట్టించిన లైనిళ్ళలో. మిల్లు మూతపడ్డాక కప్పులు కూలి ఒక్కొక్కరే వెళ్ళిపోగా, ఆమె ఒక్కతే మిగిలింది. మహంతేశుకు దారి తెలుసు. ఈ రెండేళ్ళలో ఖాళీ గడి పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. అప్పుడు తిట్టుకుంటూ వచ్చాడు, ఈ కాస్త దానికి ఇంత దూరమా అని.

తలుపు తీసే ఉంది. నులకమంచం మీద ఉరుకుందమ్మ పడుకుని ఉంది. మనిషి మంచంలో ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. మిల్లు వాచ్‌మన్ భార్య గిన్నె పట్టుకుని బయటికి వస్తూ అతన్ని చూసి ఆగిపోయింది.

"మఠమోడివేనా?" అంది. అని గిన్నె గట్టు మీద టక్కున పెట్టింది. "మూడు నెల్ల కింద బాయికాడ జారి పడె. తుంటి ఇరిగె. లేచేకి లేదు. నేను తాగే గంజిలో సగం పోస్తాండా. ఆస్పత్రికి పోదామంటే ఇనదు. 'మఠమోళ్ళు వస్తారు, నేను పోకుంటే వాళ్ళే వస్తారు, వాళ్ళతో పోతా' అని రోజూ అదే మాట. యాడికి పోతిరప్పా మీరంతా?"

మహంతేశు తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

ఉరుకుందమ్మ కళ్ళు తెరిచింది. ఒళ్ళంతా పోయినా నోరు పోలేదు.

"ఇప్పుడు దొరికిందా దారి?" అంది. "మూడు నెల్లు! కుక్కకన్నా ఒక ముద్ద పెట్టి పోతారు కదరా! ఏమి, మీ లెక్కలో నేను చచ్చిపోయినానా?"

మహంతేశు చేతిలో కాగితం ఉంది. స్వామి ఎందుకు తీసుకుపొమ్మన్నాడో అప్పుడు తెలిసింది. అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు.

"లేదవ్వా. మా లెక్కలో నువ్వు ప్రతి నెలా వచ్చినావు."

ఉరుకుందమ్మ అతని వైపు అట్లాగే చూసింది. మంచం కింద పడి ఉన్న తన చెప్పుల వైపు చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.

"నడిచే వచ్చినానా?" అంది.

మహంతేశు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూట విప్పాడు. రొట్టె పప్పులో నానబెట్టి, మెత్తగా పిసికి, ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె ముఖం తిప్పుకుంది. కాసేపయ్యాక తనే చెయ్యి చాపి, ముద్ద అతని చేతిలోంచి లాక్కుని తింది. అతను తినిపించడం ఆమెకు ఇష్టం లేదు. కరెక్టే మరి, ఎందుకుండాలి?

మహంతేశు గౌరక్కకు ఫోన్ చేశాడు.

"అవ్వ తింటా ఉందని స్వామికి చెప్పు అక్కా."

గౌరక్క ఫోన్ పెట్టకుండానే వసారాలోకి పోయి ఆ మాట చెప్పింది. కాసేపటికి ఫోన్లోంచి వసారా అంతా ఒక్కసారిగా కదిలిన చప్పుడు వినబడింది. గాజులు, దగ్గులు, చారు పొయ్యమని కేకలు. మహంతేశు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

*

ఆటోలో వెనకసీటంతా దుప్పట్లు పరిచి ఆమెను పెద్దాస్పత్రికి చేర్చి, వాచ్‌మన్ భార్యను తోడుంచి, మహంతేశు మఠానికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గౌరక్క గిన్నెలు తోముతోంది. స్వామి దగ్గర తాళంచేతులు అడిగి తెచ్చి, ఆమె ముందు పెట్టాడు.

"పెట్టినా కదప్పా ఖాళీ" అంది గౌరక్క, తలెత్తకుండా.

"పెట్టినావక్కా. నేనే నింపినా."

గౌరక్క చేతులు కడుక్కుని తాళంచేతులు తీసుకుంది. కోపం పోయిందని కాదు. ఆ మాట ఆమె ముఖం మీదే రాసి ఉంది.

మహంతేశు గదిలోకి పోయి కంప్యూటరు తెరిచాడు. ముందు దాతల సంఘానికి ఉత్తరం రాశాడు, మా మూడు నెలల రిపోర్టులూ తప్పు, అరవై ఒకటో పేరు దగ్గర మేము రాసింది జరగలేదు అని. తర్వాత మాక్రో తెరిచాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా అంతా ఎంచుకుని, చెరిపేసే మీట మీద వేలు పెట్టాడు. దాన్ని చూస్తుంటేనే పళ్ళు పటపటలాడాయి.

"ఏం చేస్తాండావు?" అని గుమ్మంలోంచి స్వామి అడిగాడు.

"తుడిచేస్తాండా స్వామీ. ఈ పాడుది ఇంక వద్దు."

"అదేం చేసింది పాపం? నువ్వు చెప్పిందే చేసింది." స్వామి లోపలికి రాలేదు. "ఖాళీ కనబడితే ఆగమని చెప్పు దానికి."

మహంతేశు వేలు తీశాడు. తొమ్మిదేళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా?

"ఆగితే రిపోర్టు పోదు స్వామీ. పట్నంలో వాళ్ళు కాచుకుని ఉంటారు."

స్వామి వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు.

"మధ్యాహ్నం మేము కాచుకోలేదా?"